ముందు వరుసలో సోఫాలు వద్దండీ

విశాఖపట్నంలో మ్యాజిక్ షోలు పెట్టించే హెడ్మాస్టర్లకు, అపార్ట్‌మెంట్ సంఘాల కార్యదర్శులకు, ఉత్సవ కమిటీల పెద్దలకు, పుట్టినరోజు వేడుకలు ఒప్పుకునే ఈవెంట్ వారికి

నమస్కారం.

దసరా పందిళ్లతో మొదలై, నవంబర్ 14 బాలల దినోత్సవం మీదుగా, స్కూళ్ల వార్షికోత్సవాలు ముగిసేదాకా మా ట్రంకు పెట్టెలు భీమిలి నుంచి గాజువాక వరకు తిరుగుతూనే ఉంటాయి. ఫోన్ చేసినప్పుడు మీరు అడిగేవి మూడే: ఎంత తీసుకుంటారు, ఎంతసేపు చేస్తారు, పావురం ఉందా. మేం అడగాల్సింది ఒకటుంది, మొహమాటానికి అడగం. ముందు వరుసలో ఏం వేస్తున్నారండీ?

షో తేలిపోతే మెజీషియన్ బాగా చెయ్యలేదంటారు. ఒక్కోసారి అది నిజమే, ఆ సంగతీ చెబుతాం. కానీ చాలాసార్లు మేం నోరు తెరవకముందే కుర్చీలు వేసినవాళ్లు, మైకు సెట్టువాళ్లు, వీడియోవాళ్లు తలా ఒక ఇటుకా పేర్చి మాకూ జనానికీ మధ్య గోడ కట్టేసి ఉంటారు. ఎవరూ కావాలని చేసింది కాదు. ఏది ఎందుకు అడ్డమో మేం ఎప్పుడూ విడమరిచి చెప్పలేదు, అంతే.

మన భాషలో ఈ విద్యకు కనికట్టు అని పేరు. కన్ను కట్టాలంటే ముందు ఆ కన్ను మాకు కనబడాలి, మా కన్ను వాళ్లకు కనబడాలి. గుస్తావ్ కూన్, మైఖేల్ లాండ్ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ఒక పాత బంతి ఆటను తీసుకుని ఈ సంగతి తేల్చారు. బంతిని నిజంగానే పైకి ఎగరేసి పట్టుకుంటూ, ఆఖరిసారి మాత్రం ఎగరేసినట్టు నటించడం ఆ ఆట. నటించేటప్పుడు మెజీషియన్ చూపు కూడా పైకి వెళితే, చూసినవాళ్లలో మూడింట రెండు వంతుల మందికి లేని బంతి గాల్లోకి పోవడం కనిపించింది. అతని చూపు చేతి మీదే ఉండిపోతే ఆ భ్రమ మూడో వంతు మందికే కలిగింది. చూపరులు బంతినే కాదు, అతని మొహాన్నీ చూస్తూ వచ్చారు. మా మొహం కనబడని చోట ఎంత హస్తలాఘవం చూపినా సగం షో ఎవరికీ అందదు.

ఇప్పుడు సోఫాల సంగతి. ముఖ్య అతిథుల కోసం స్టేజీకి ఎదురుగా నాలుగు సోఫాలు, వాటి ముందు టీపాయిలు, వాటి మీద నీళ్ల సీసాలు, పూలగుత్తులు. ఈ ఏర్పాటుకే 12 నుంచి 15 అడుగుల లోతు పోతుంది. పిల్లలు ఆ వెనక, అంటే స్టేజీ మీది దూరమూ, ముందు ఖాళీ కూడా కలుపుకుంటే మా నుంచి దాదాపు 30 అడుగుల దూరంలో మొదలవుతారు. 10 రూపాయల నాణెం అడ్డంగా 27 మిల్లీమీటర్లు. 30 అడుగుల నుంచి అది నిండు చందమామ వెడల్పులో మూడో వంతు కనబడుతుంది. పేకముక్క రెండున్నర అంగుళాలు ఇంటూ మూడున్నర, దాని మీద గుర్తు ఇస్పేటా కళావరా అన్నది అంత దూరం నుంచి కళ్లు చికిలించినా తేలదు. అదీ కాక, పెద్దమనిషి వచ్చేదాకా సోఫాలు ఖాళీ. వచ్చాక ఆయన ఫోన్ చూసుకుంటారు, పావుగంటకు లేస్తారు, ఆయనతో పాటు ఇరవై మంది లేస్తారు. వెనకవాళ్లకు షో అయిపోయినట్టే అనిపిస్తుంది.

అన్నిటికన్నా పెద్ద నష్టం నవ్వు పోవడం. నవ్వు ఒంటరిగా పుట్టదు. పక్కవాడి భుజం కదిలితే వీడి భుజం కదులుతుంది. మనుషుల మధ్య ఖాళీ ఉంటే అక్కడే ఆగిపోతుంది. సోఫాలో కూర్చున్నాయన పదిమంది కళ్లూ తన మీదే ఉన్నాయని బిగదీసుకుని కూర్చుంటారు, ఆయన తప్పు కాదు. మాకు మాత్రం ఎదురుగా కనబడేవి ఆ బిగదీసిన మొహాలే.

అందుకని ఇలా వేయించండి. 200 మందికి లెక్క చెబుతున్నాం. స్టేజీ 16 అడుగుల వెడల్పు, 12 అడుగుల లోతు, 3 అడుగుల ఎత్తు. దాని అంచు నుంచి 6 అడుగులు వదిలి, 24 అడుగుల వెడల్పు, 12 అడుగుల లోతున పట్టా పరిస్తే 80 మంది పిల్లలు సుఖంగా కూర్చుంటారు. ఆ వెనక 3 అడుగుల నడకదారి. తర్వాత వరుసకు 15 చొప్పున 8 వరుసల కుర్చీలు, వరుసకూ వరుసకూ మధ్య 3 అడుగులు, కొసలు కాస్త లోపలికి వంపు తిరిగేలా. అతిథుల సోఫాలు కావాలంటే ఆ మొదటి కుర్చీల వరుస స్థానంలో వేయండి. నేల మీద కూర్చున్న పిల్లల తలలు అడ్డురావు కాబట్టి పెద్దవాళ్లకు అక్కడి నుంచి ఇంకా బాగా కనిపిస్తుంది. అవమానం ఏమీ లేదు, అధ్యక్షులవారికి ఈ మాట మా పేరు మీదే చెప్పండి.

నట్టనడిమిన దారి వదలకండి. మంచి చోటు అంతా ఖాళీ నేలకు పోతుంది, మేం ఎదురుగా చూస్తే కనబడేది కార్పెట్. రెండు పక్కలా నాలుగేసి అడుగులు వదిలితే చాలు. పక్కలకు ఎంతవరకు వేయొచ్చంటే, స్టేజీ మధ్యన నిలబడి రెండు చేతులూ ముందుకు చాచండి. ఒక్కో చేతిని పక్కకు సగం దాకా తెరవండి. ఆ రెండు చేతుల మధ్య పట్టినంత మేరే కుర్చీలు. దానికి అవతల కూర్చున్నవాళ్లకు మేం చూపించకూడనిది కనబడుతుంది, చూపించాల్సింది కనబడదు. అపార్ట్‌మెంట్లలో ఈ బాధ పైనుంచి కూడా వస్తుంది. నడిమి ఖాళీ జాగాలో స్టేజీ వేస్తే మూడో అంతస్తు బాల్కనీల్లోంచి చూసేవాళ్లుంటారు. గోడకు ఆనించి, నెత్తిన బాల్కనీ లేని చోట వేయించండి. సెల్లారు అయితే గోడ సంగతి బాగుంటుంది కానీ మాట మార్మోగుతుంది, అక్కడ స్పీకరు సౌండ్ తగ్గించాలి తప్ప పెంచకూడదు.

వెనకటి గారడీవాళ్లకు స్టేజీ లేదు, మైకు లేదు. ముందు నేల మీద గీత గీసేవాళ్లు. గీత మీద పిల్లల్ని చతికిలబడమనేవాళ్లు, పెద్దల్ని వెనక నిలబెట్టి 'ఒక్కడుగు ముందుకు రండి బాబూ' అంటూ వలయాన్ని బిగించేవాళ్లు. సంచిలోంచి మొదటి వస్తువు తీసేది ఆ తర్వాతే. ఏ ఐటం చేసినా ఆ బిగువు మీదే నడిచేది. మేం అడుగుతున్నదీ అదే, కాకపోతే మా పెట్టెలకు వెనక వైపు ఒకటి ఉంటుంది కాబట్టి వలయం సగమే కావాలి. సిరిపురం చిల్డ్రన్స్ ఎరీనా, కళాభారతి లాంటి హాళ్లలో కుర్చీలు బిగించి ఉంటాయి, ఈ పేచీ అంతగా ఉండదు. అక్కడ వచ్చే తంటా చీకటి. జనం మీద దీపాలన్నీ ఆర్పేస్తే మాకు ఎదురుగా నల్లటి గుయ్యారం తప్ప మొహం కనబడదు. ఎవరు నవ్వుతున్నారో, ఎవరు బిత్తరపోయారో తెలియకుండా ఎవరితో మాట్లాడతాం? జనం వైపు దీపాల్లో నాలుగో వంతయినా వెలగనివ్వండి.

స్టేజీ మీదికి వెలుగు ముందు నుంచి రావాలి, రెండు పక్కల నుంచి ఏటవాలుగా, తెల్లగా. తిరిగే రంగుల లైట్లు, లేజర్లు, పొగ డీజేకు సరే, మా షోలో ఆపించండి. ఈ మధ్య ప్రతి వేడుకకూ స్టేజీ వెనక ఎల్ఈడీ తెర పెడుతున్నారు. వెనక అంత వెలుగుంటే మా మొహం నల్లటి నీడగా మారుతుంది. పైగా ఆ తెర మీద పుట్టినరోజు పాప ఫోటోలు తిరుగుతుంటే మమ్మల్ని చూసేదెవరు? షో సాగినంతసేపూ తెర ఆపండి, లేదా ముదురు నీలం ఒక్కటే పెట్టి వెలుగు తగ్గించండి. 500 మంది దాటి, చిన్న వస్తువులు వెనకవాళ్లకూ కనబడాలంటే పక్కన వేరే తెర పెట్టించండి. కెమెరా మాత్రం నడుము పైనుంచి మొహం, చేతులు రెండూ పట్టే ఒకే ఫ్రేములో కదలకుండా ఉండాలి. వీడియో తీసేవారికి పట్టాకు, కుర్చీలకు మధ్య దారిలో ఒక మూల స్టూలు వేయండి. మా వెనక నుంచి తీస్తానంటే ససేమిరా ఒప్పుకోకండి.

మైకు. చేత్తో పట్టుకునే మైకు ఇస్తే మాకున్న రెండు చేతుల్లో ఒకటి పోయినట్టే. తలకు తగిలించుకునేది మేలు, లేకపోతే కాలర్ మైకు. స్పీకర్లు మాకన్నా ముందు, జనం వైపు తిరిగి ఉండాలి. మా వెనక ఉంటే వాటి శబ్దం మళ్లీ మైకులోకి వెళ్లి కీచుమంటుంది. షోకి ముందు కొత్త బ్యాటరీలు వేయించండి, పొద్దుటి ఉపన్యాసాలకు వాడినవి కీలకమైన చోట ఆగిపోతాయి. జనరేటరు వీలైనంత దూరంగా, కుర్చీల వెనక వైపు.

కార్యక్రమం వరుస గురించి ఒక పాత కథ చెప్పకతప్పదు. 1956 ఏప్రిల్ 9న లండన్‌లో బీబీసీ టీవీ పనోరమా కార్యక్రమంలో బెంగాలీ మెజీషియన్ పి.సి. సర్కార్ ఒక అమ్మాయిని రంపంతో రెండుగా కోసే ఐటం ప్రత్యక్ష ప్రసారంలో చేశారు. కోశారు, పిలిచారు, అమ్మాయి పలకలేదు. అంతలో టైము అయిపోయిందని యాంకర్ కార్యక్రమం ముగించేశారు. అమ్మాయి చచ్చిపోయిందనుకుని జనం చేసిన ఫోన్లతో బీబీసీ లైన్లు స్తంభించాయి. అది సర్కార్ వేసిన ఎత్తేనని అనేవాళ్లూ ఉన్నారు. ఆయనకు అది ప్రపంచ ఖ్యాతి తెచ్చింది. మీ కాలనీలో మాకు తెచ్చేది తిట్లే. 7 గంటలకని చెప్పిన షో జ్యోతి ప్రజ్వలన, సన్మానాలు, సందేశాలు అయ్యేసరికి 9 దాటుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10కి మైకు ఆపాలి. అప్పుడు ఎవరో పక్కనుంచి 'సార్, ఇంకో అయిదు నిమిషాల్లో ముగించండి' అని చీటీ పంపుతారు. మా ఐటంలో కోసేది ముందు, అతికించేది తర్వాత. చీటీ ఆ మధ్యలో వస్తే ఏం చెయ్యాలి? ఉపన్యాసాలన్నీ ముందు కానివ్వండి, శాలువాలూ మెమెంటోలూ కూడా. షో మధ్యలో మైకు ఎవరికీ ఇవ్వకండి, కారు అడ్డుగా పెట్టారన్న ప్రకటనకు సైతం.

భోజనాలు షోతో పాటు పెట్టకండి. బిర్యానీ మూత తీశాక ఏ ఇంద్రజాలమూ నిలవదు. పుట్టినరోజుల్లో ముందు మ్యాజిక్, తర్వాత కేకు, ఆ తర్వాత తిండి. కేకు ముందే తినిపిస్తే పిల్లలు ఒకచోట నిలవరు. రిటర్న్ గిఫ్టులు, బూరలు, బెలూన్లు ఇంటికెళ్లేటప్పుడే ఇవ్వండి. చేతిలో బెలూన్ ఉన్న పిల్లవాడి ధ్యాసంతా దాని మీదే, అది పగిలితే చుట్టూ పదిమంది ధ్యాస అటే.

స్కూళ్లవారికి ప్రత్యేకంగా. ఎల్‌కేజీ నుంచి పదో తరగతి దాకా ఒకే మైదానంలో కూర్చోబెట్టి ఒకే షో చెయ్యమంటారు. అది కుదరని పని. నాలుగేళ్ల పిల్లకు మా వెనక రుమాలు దానంతటదే కదలడం, మేం గమనించనట్టు నటించడం, 'వెనకాల! వెనకాల!' అని తను అరవడం మహదానందం. అదే తొమ్మిదో తరగతి కుర్రాడికి 'నన్ను పసిపిల్లాడనుకుంటున్నారే' అని చిరాకు. అతనికి కావాల్సింది తన చేతిలో, తన గుప్పిట్లో జరిగేది. 3 నుంచి 5 ఏళ్లవాళ్లకు 20–25 నిమిషాలు, 6 నుంచి 10 వరకు 40, ఆపైన గంట. విడిగా రెండు షోలు పెట్టించండి, ఒక్కోదానికి 250 మందికి మించకుండా. రెండోదానికి పూర్తి రేటు అడిగే మెజీషియన్‌తో గట్టిగా బేరమాడండి, సామాను దింపడం ఒక్కసారే కదా.

టీచర్లకు ఒక విన్నపం. బెత్తం పట్టుకుని వరుసల పక్కన నిలబడి 'ష్' అనకండి. మ్యాజిక్ షోలో గోల అల్లరి కాదు, మా ప్రశ్నకు జవాబు. 'నాను సూసేసినాను, ఎడం సేతిలో ఉంది!' అని వెనక బెంచీ కుర్రాడు లేచి అరిస్తే షో పట్టాలెక్కినట్టు. అతన్ని మీరు కూర్చోబెట్టేస్తే తక్కిన అందరూ నోళ్లు మూసుకుంటారు, ఆపైన వాళ్లను తెరిపించడం మా తరం కాదు. పిల్లల మధ్యలో కూర్చోండి, మీరూ చప్పట్లు కొట్టండి.

బీచ్ రోడ్డు కార్యక్రమాల వారికి గాలి సంగతి. సాయంత్రం సముద్రం మీది నుంచి వచ్చే గాలికి పట్టు రుమాళ్లు, కాగితాలు మా మాట వినవు. స్టేజీ వెనక కట్టిన ఫ్లెక్సీ తెరచాపలా ఉబ్బి ఫ్రేమును లాగుతుంది. అర్ధచంద్రాకారంలో కోతలు పెట్టించి, నాలుగు మూలలా తాళ్లతో నేలకు కట్టించండి. స్టేజీని సముద్రానికి వీపు పెట్టి వేస్తే మా వెనక గుర్రాలూ, తడిసిన జనమూ తిరుగుతుంటారు. జనాన్ని సముద్రం వైపు వీపు పెట్టి కూర్చోబెడితే 5 గంటల ఎండ ఊరి వైపు నుంచి వాళ్ల కళ్లలోకి. తీరానికి అడ్డంగా, పక్కవాటుగా వేసి, పొద్దు గుంకాక మొదలుపెట్టించండి. మైకుకు స్పాంజి తొడుగు తప్పనిసరి, లేకపోతే జనానికి వినబడేది గాలి హోరే. తేమకు పేకముక్కలు ఉబ్బి అతుక్కుంటాయి, ఏసీ కారులోంచి తీసిన ఇత్తడి గిన్నెలకు నిమిషంలో చెమట పడుతుంది. సామాను ఆ గాలికి అలవాటు పడేందుకు అరగంట ముందు దింపనివ్వండి. అక్కడ పెద్ద పెట్టెల ఐటాలు అడక్కండి. తాళ్లు, రింగులు, గిన్నెలు, మాటలు, వీటితో చేసే షో అడగండి.

ఇక మమ్మల్ని మీరు నిలదీయాల్సిన సంగతులు. కుర్చీలన్నీ సరిగ్గా వేసినా కొందరు మెజీషియన్లు జనాన్ని చేరలేరు, కారణాలు చిన్నవే. 'ఇది మామూలు పెట్టె' అంటారు. ఎవరూ అనుమానించని పెట్టెను ఆ మాటతో అనుమానింపజేసేది తామే. చేతులకేసి చూస్తూ మాట్లాడతారు. వింత జరిగిన క్షణంలో ఆగరు. ఒకటి, రెండు అని లెక్కపెట్టేంతసేపు మౌనంగా ఉంటే చప్పట్లు వాటంతటవే వస్తాయి, వీళ్లు అప్పటికే తర్వాతి ఐటం గురించి చెబుతుంటారు. మొదటి ఐటం నిమిషంలోపు ముగియాలి, ఎవర్నీ పైకి పిలవకుండా. జనం ఈ మనిషి ఎలాంటివాడో తేల్చుకునేది అప్పుడే. గాజువాకలో, పెందుర్తిలో 'లేడీస్ అండ్ జెంటిల్మెన్' అంటూ బట్టీపట్టిన పాఠం అప్పగిస్తే చేతులు కట్టుకుని చూస్తారు. 'ఏటి బావా, నమ్మలేదేటి?' అంటే కట్టుకున్న చేతులు విడిపడతాయి. అయితే యాసను ఎగతాళికి వాడేవాళ్లూ ఉన్నారు, అది వేరే రోగం.

స్టేజీ మీదికి పిలిచే మనిషి విషయంలో మరీ జాగ్రత్త. ఆ ఒక్క మనిషిని ఎలా చూస్తే మొత్తం జనాన్ని అలా చూసినట్టు లెక్క. ఎగిరెగిరి చెయ్యెత్తే పిల్లవాడు పైకొచ్చాక మా షో లాగేసుకుంటాడు. తల్లి వెనకనుంచి తోస్తే వచ్చిన పాప ఏడుస్తుంది. నవ్వుతూ, కుదురుగా కూర్చుని, చూపు కలిపితే తిప్పుకోని పిల్ల సరైనది. అయిదేళ్లలోపు వాళ్లను ఒంటరిగా పిలవకూడదు, అక్కతోనో అన్నతోనో పిలవాలి. పేరు అడగాలి, గుర్తుపెట్టుకుని ఆ పేరుతోనే పిలవాలి, జనం వైపు మొహం తిప్పి నిలబెట్టాలి. ఆడవాళ్లను చెయ్యి పట్టి లాగకూడదు, రానంటే రెండోసారి అడగకూడదు. జేబు కొట్టినట్టు, బట్టతలను తడిమినట్టు చేసే వెకిలి హాస్యం అక్కర్లేదు. వింత వాళ్ల చేతిలోనే జరగాలి, చప్పట్లు వాళ్లకే పడాలి, మెట్లు దిగి తమ చోట కూర్చునేదాకా ఆ చప్పట్లు ఆగకూడదు. స్టేజీకి పక్కన గట్టి మెట్లు, పట్టుకోవడానికి ఒక కమ్మీ మీరు పెట్టించాల్సినవి. ప్లాస్టిక్ కుర్చీ ఎక్కించి పైకి లాగే పద్ధతి మానండి.

పావురం గురించి అడిగారు కదా. జంతువులను, పక్షులను ప్రదర్శనలో వాడాలంటే 2001 నాటి నియమాల ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి. అది చూపించలేనివాళ్లు తెస్తామన్నా మీరు వద్దనండి. పావురం లేని షోకి రేటు తగ్గించడం కూడా వద్దు.

పరిచయం చేసేవారికి ఒక మాట. 'అతీత శక్తులున్న మహా మాంత్రికుడు' అని పిలవకండి. చిల్లంగి, అంటే చేతబడి, పెట్టిందన్న అనుమానంతో మనుషుల్ని కొట్టే ఊళ్లు మనకు ఎక్కువ దూరంలో లేవు. మెజీషియన్ బి.వి. పట్టాభిరామ్ గారిలాంటివారు ఈ విద్యనే మూఢనమ్మకాలకు ఎదురు నిలబెట్టారు. ఇది కళ, సాధనతో వస్తుంది అని చెప్పి పేరు చదివితే చాలు. అలా చెప్పినందువల్ల జనం ఆశ్చర్యం తగ్గదు. మోసపోయామన్న గింజులాట లేకుండా ఇంకా ధీమాగా ఆశ్చర్యపోతారు.

ఈసారి ఫోన్ చేసేముందు ఒక పని చేసిపెట్టండి. షో జరిగే చోటికి, షో జరిగే వేళకే వెళ్లండి. ఆఖరి వరుసలో ఎడమ కొసన కుర్చీ ఎక్కడ వస్తుందో అక్కడ కూర్చోండి. స్టేజీ రావాల్సిన చోట ఎవరినైనా పేకముక్క పట్టుకుని నిలబడమని, కూర్చున్న ఎత్తు నుంచే ఒక ఫోటో తీయండి. కుడి కొస నుంచి ఇంకొకటి. ఆ రెండూ మాకు పంపితే ఏ ఐటాలు తేవాలో, ఏవి ఇంట్లో వదిలేయాలో అదే రోజు చెప్పేస్తాం.

ఇట్లు,
విశాఖపట్నంలో మ్యాజిక్ షోలు చేసే కొందరం